గేట్, జీఆర్‌ఈలో స్కోరు పెంచేది గంటలా, టెస్టులా?

శ్రీసిటీ షిఫ్ట్
తిరుపతిలో రూమ్, శ్రీసిటీలో ఉద్యోగం. కంపెనీ బస్సులో పోయి రావడానికే బోలెడు టైం పోతుంది, షిఫ్టులు కూడా మారుతుంటాయి. ఎంటెక్ సీటు కోసం ఫిబ్రవరిలో మెకానికల్ గేట్ రాయాలి. మా రూమ్మేట్ తెల్లారకముందే బైరాగిపట్టెడలో రీడింగ్ రూమ్‌కు పోతే రాత్రి భోజనానికే వస్తాడు. రోజుకు పది గంటలు కూర్చోలేనివాళ్లు గేట్ జోలికి రాకూడదంటాడు. ఇంకో ఫ్రెండేమో పుస్తకాలు పక్కన పెట్టి రోజుకో ఫుల్ మాక్ (నమూనా పరీక్ష) రాయమంటున్నాడు. నాకు మామూలు రోజుల్లో దొరికేది రెండు, రెండున్నర గంటలు. అందులో ఏ అలవాటు పెట్టుకుంటే మార్కులు పెరుగుతాయి? రాసినవాళ్లు చెప్పండి, చాలా టెన్షన్‌గా ఉంది.

అలిపిరి
తమ్ముడూ, మీ రూమ్మేట్ మాటను కొట్టిపారేయొద్దు. గేట్ మెకానికల్‌లో 100 మార్కులకు 72 సబ్జెక్టువే, 13 ఇంజనీరింగ్ మ్యాథ్స్, 15 ఆప్టిట్యూడ్. థర్మో, ఫ్లూయిడ్స్, స్ట్రెంగ్త్, మాన్యుఫాక్చరింగ్ అన్నీ బీటెక్‌లో పరీక్ష ముందు రాత్రి చదివి గట్టెక్కినవాళ్లమే కదా మనం. ఆ పునాది మళ్లీ వేసుకోవాలంటే గంటలు పెట్టాల్సిందే. పునాది లేకుండా మాక్‌లు రాస్తే ప్రతిసారీ అవే తక్కువ మార్కులు చూసి మనసు విరిగిపోతుంది. ఎస్వీయూ లైబ్రరీలో అలా మధ్యలో వదిలేసినవాళ్లను చూశాను. ముందు చదువు, టెస్టులు తర్వాత.

ఎమ్మార్‌పల్లి అక్క
పునాది కావాలన్న మాటతో నాకు గొడవ లేదు. అది గంటలతో వస్తుందన్న మాటతోనే గొడవ. నేను గేట్ రాసి ఎంటెక్ చేశాను, ఇప్పుడు పిల్లలకు చెబుతున్నాను. పది గంటలు కూర్చునే పిల్లల్లో చాలామంది చేసేది ఒకటే: నోట్స్ మళ్లీ చదవడం, సాల్వ్ చేసిన లెక్కను చూసి తల ఊపడం. చూస్తుంటే అంతా వచ్చినట్టే ఉంటుంది. పుస్తకం మూశాక మొదటి స్టెప్ కూడా తట్టదు.

దీని మీద పేరున్న పరిశోధన ఉంది. 2006లో రోడిగర్, కార్పిక్ అనే ఇద్దరు అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు విద్యార్థులకు చిన్న పాఠాలిచ్చి, కొందరిని మళ్లీ చదవమన్నారు, కొందరిని చూడకుండా గుర్తున్నంతా రాయమన్నారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ చదివినవాళ్లే ముందున్నారు. వారం తర్వాత పెడితే చూడకుండా రాసినవాళ్లు ముందుకు వచ్చారు. రీడింగ్ రూమ్ నుంచి బయటికి వచ్చేటప్పుడు ఉండే ధైర్యం ఆ ఐదు నిమిషాల ధైర్యమే. మనకు పరీక్ష ఫిబ్రవరిలో.

అలిపిరి
అక్కా, అది పాఠం గుర్తుపెట్టుకోవడం. గేట్‌లో వచ్చేది లెక్క. ఒట్టోసైకిల్ ఎఫిషియెన్సీ ఫార్ములా గుర్తుండటం వేరు, ప్రశ్నలో ఏం అడిగారో పట్టుకోవడం వేరు. లెక్క చేతికి రావాలంటే ఒకే చాప్టర్‌లో యాభై లెక్కలు వరసగా చేయాలి. దానికి గంటలు కావాలి.

ఎమ్మార్‌పల్లి అక్క
మంచి ప్రశ్న అడిగావు, ఎందుకంటే లెక్కల మీద కూడా ఇది చేసి చూశారు. 2007లో రోరర్, టేలర్ కాలేజీ విద్యార్థులకు ఘనాకారాల ఘనపరిమాణం కనుక్కునే లెక్కలిచ్చారు. కొందరికి ఒక్కో రకం వరసగా, కొందరికి అన్ని రకాలూ కలిపి. ప్రాక్టీస్ చేసేటప్పుడు కలిపి చేసినవాళ్లే ఎక్కువ తప్పులు చేశారు. వారం తర్వాత పరీక్షలో మాత్రం వాళ్లే బాగా ముందున్నారు.

కారణం కష్టమైనదేం కాదు. ఒకే చాప్టర్‌లో యాభై చేసేటప్పుడు ఏ పద్ధతి వాడాలో ఆలోచించే పనే ఉండదు, చాప్టర్ పేరే చెప్పేస్తుంది. పరీక్షలో ప్రశ్న మీద చాప్టర్ పేరు రాసి ఉండదు. కొత్త చాప్టర్‌లో మొదటి పదిహేను లెక్కలు వరసగా చేయండి, తప్పులేదు. ఆ తర్వాత పాతవాటితో కలిపేయాలి. గేట్ పాత పేపర్లు అధికారిక వెబ్‌సైట్‌లోనే ఉచితంగా ఉన్నాయి, వాటికంటే మంచి కలగలుపు ఎక్కడా దొరకదు.

చంద్రగిరి కోట
నేను జీఆర్‌ఈ, అంటే విదేశాల్లో పీజీ చదవడానికి రాసే పరీక్ష వైపు నుంచి చెబుతా. 2023 సెప్టెంబర్ 22 నుంచి జీఆర్‌ఈ గంటా 58 నిమిషాలకు తగ్గింది. వ్యాసం ఒక్కటే, 30 నిమిషాలు. క్వాంట్, అంటే లెక్కలు, రెండు భాగాలు: 12 ప్రశ్నలకు 21 నిమిషాలు, 15 ప్రశ్నలకు 26 నిమిషాలు. మొదటి భాగం ఎలా రాశామో దాన్నిబట్టి రెండో భాగం కష్టం మారుతుంది. ఇంత చిన్న పరీక్షలో కునుకు తీసే చోటు లేదు. కాబట్టి నా ఓటు టెస్టులకే. అయితే అసలు పరీక్ష ఎలా ఉంటుందో అచ్చం అలాగే రాయాలి.

మా బ్యాచ్‌లో ఇంటి నుంచి జీఆర్‌ఈ రాసిన ఒకమ్మాయి లెక్కల్లో మా అందరికంటే గట్టిది. ఇంటి దగ్గర రాస్తే కాగితం వాడనివ్వరు, చిన్న వైట్‌బోర్డో ప్లాస్టిక్ షీటో పెట్టుకుని మార్కర్‌తో రాసుకోవాలి. ఆ అమ్మాయి అన్ని నెలలూ లాంగ్ నోట్‌బుక్‌లోనే చేసింది. పరీక్షలో ఆ చిన్న బోర్డు మీద రాస్తూ తుడుస్తూ ఉంటే చేయి ఆడలేదు. తనకు రావాల్సిన స్కోరు అది కాదని నేను ఇప్పటికీ అంటాను. గేట్ రాసేవాళ్లకూ ఇలాంటిదొకటుంది. మన సైంటిఫిక్ కాలిక్యులేటర్ లోపలికి రానివ్వరు, స్క్రీన్ మీద కనిపించేదాన్ని మౌస్‌తో నొక్కాలి. లాగరిథమ్‌లు, ఘాతాలు దానిమీద చేసి అలవాటు లేకపోతే ప్రతి న్యూమరికల్‌కూ టైం తింటుంది. ఈ రోజు నుంచే చేతి కాలిక్యులేటర్‌ను బీరువాలో పెట్టేయండి.

పుత్తూరు 517583
నాది ఐసెట్, ఎంబీఏ, ఎంసీఏ సీట్ల పరీక్ష. అక్కడ 150 నిమిషాల్లో 200 ప్రశ్నలు, అంటే ఒక్కోదానికి 45 సెకన్లు. తప్పు జవాబుకు నెగెటివ్ మార్కులు లేవు. లోతుగా చదివి కూర్చునేవాళ్లే టైం చాలక ఆగిపోతారు. ఏ పరీక్షో చెప్పకుండా గంటలా టెస్టులా అంటే జవాబు రాదు. మా వాళ్లు చివరి ఐదు నిమిషాల్లో మిగిలిన ప్రశ్నలన్నిటికీ ఏదో ఒక ఆప్షన్ పెట్టేస్తారు, గేట్‌లో అలా చేస్తే మునుగుతారేమో?

అలిపిరి
కచ్చితంగా మునుగుతారు. గేట్‌లో తెలియని ప్రశ్న ముట్టుకోకూడదు. ఒక మార్కు ప్రశ్న తప్పయితే మూడో వంతు, రెండు మార్కులది తప్పయితే మూడింట రెండు వంతులు పోతాయి.

ఎమ్మార్‌పల్లి అక్క
అందరూ అనే మాటే ఇది, కానీ లెక్క వేసి చూడండి. నాలుగు ఆప్షన్లలో గుడ్డిగా ఒకటి పెడితే నాలుగింట ఒకసారి మార్కు వస్తుంది, మూడుసార్లు మూడో వంతు చొప్పున పోతుంది. వచ్చింది ఒకటి, పోయింది ఒకటి, సగటున సున్నా. ఒక్క ఆప్షన్ తప్పని గట్టిగా తెలిసినా మిగతా మూడింటిలో పెట్టడం లాభమే. మరి జవాబు టైప్ చేసే న్యూమరికల్ ప్రశ్నలకూ, ఒకటికంటే ఎక్కువ జవాబులుండే ప్రశ్నలకూ నెగెటివ్ అసలే లేదు. అవి ఖాళీగా వదిలేసి వచ్చేవాళ్లను చూస్తే నాకు కడుపు మండుతుంది. జీఆర్‌ఈలో నెగెటివే లేదు, ఒక్కటీ వదలకూడదు.

శ్రీసిటీ షిఫ్ట్
చాలా థ్యాంక్స్ అక్కా, అన్నా. నెగెటివ్ గురించి ఇలా ఎవరూ చెప్పలేదు. మరి నా రెండు గంటల్లో ఏం చేయమంటారు? పొద్దున నాలుగుకు లేవమని మా సార్ ఒకరు చెప్పారు. నైట్ షిఫ్ట్ వారంలో నాలుగుకు నేను ఫ్యాక్టరీలోనే ఉంటా.

ఎమ్మార్‌పల్లి అక్క
నాలుగు గంటలకు మహిమేమీ లేదు నాన్నా. నిద్ర చాలినప్పుడు చదివిందే నిలుస్తుంది. నైట్ షిఫ్ట్ వారంలో కొత్త చాప్టర్ మొదలుపెట్టకు, ఆప్టిట్యూడ్, పాత ఫార్ములాలు చాలు. డే షిఫ్ట్ వారంలో మొదటి పావుగంట నిన్నటిది చూడకుండా తెల్ల కాగితం మీద రాయి. తర్వాత గంట కొత్త విషయం, అదీ లెక్కలతోనే. మిగిలినదంతా కలిపిన లెక్కలు.

ఫుల్ మాక్ రోజూ వద్దు, వారానికి ఒక్కటి చాలు. మాక్ మూడు గంటలే, దాన్ని విప్పి చూడటానికి మరో నాలుగు గంటలు పెట్టాలి. తప్పు చేసిన ప్రతి ప్రశ్న పక్కన ఎందుకు తప్పిందో రాయాలి. కాన్సెప్ట్ రాలేదా, యూనిట్లు మర్చిపోయావా, ప్రశ్న సరిగ్గా చదవలేదా, కాలిక్యులేటర్‌లో తప్పు నొక్కావా? ‘సిల్లీ మిస్టేక్’ అని మాత్రం రాయకు. ఆ రెండు ముక్కలూ రాసేస్తే ఇక వెతకాల్సిన పని లేనట్టు అనిపిస్తుంది, వచ్చే ఆదివారం మళ్లీ అదే తప్పు చేస్తావు. ఊహించి పెట్టి కరెక్ట్ అయినవి కూడా ఆ నోట్‌బుక్‌లోకే రావాలి.

చంద్రగిరి కోట
ఇంకొకటి చేర్చుతా. గేట్ సెషన్లు పొద్దున తొమ్మిదిన్నరకో మధ్యాహ్నం రెండున్నరకో మొదలవుతాయి. అడ్మిట్ కార్డు వచ్చాక మాక్ కూడా అదే టైంకు రాయి తమ్ముడూ. మధ్యాహ్నం సెషనైతే అన్నం తిన్నాక మూడు గంటలు మెలకువగా కూర్చోవడం కూడా ప్రాక్టీస్ చేయాల్సిందే.

అలిపిరి
అక్క చెప్పిన గెస్ లెక్క వేసి చూశాను, సరిగ్గానే ఉంది. ఖాళీ కాగితం మీద రాయడమూ బాగుంది. కానీ గంటల విషయంలో నా మాట అదే. రోజుకు రెండు గంటలతో ఫిబ్రవరికి మొత్తం సిలబస్ కాదు, ఆ అబ్బాయికి అది ఇప్పుడే చెప్పాలి. వారం సెలవు రోజున ఆరేడు గంటలు తీయాల్సిందే. అవీ దొరకకపోతే రెండు సబ్జెక్టులు వదిలేసి మిగతావి గట్టిగా పట్టుకోవాలి.

ఎమ్మార్‌పల్లి అక్క
వదిలేయడానికి నేనూ ఒప్పుకుంటాను. ఏవి వదలాలో మాత్రం ఊహతో తేల్చకండి. తమ్ముడూ, ఈ సెలవు రోజున పోయినేడు పేపర్ ఒకటి టైం పెట్టుకుని రాయి, సిద్ధం కాకపోయినా సరే. సబ్జెక్టువారీగా ఎన్ని వచ్చాయో, ఎన్ని ఎందుకు పోయాయో ఇక్కడ పెట్టు. అది చూశాకే ఏది వదలాలో అలిపిరి, నేను కలిసి చెబుతాం.