తాబేలు తొట్టికి ఎల్‌ఈడీ బల్బు, కిటికీ ఎండ చాలవా?

అమీర్‌పేట_అద్దిల్లు: రెడ్ ఇయర్డ్ స్లయిడర్ రకం తాబేలు, 4 అంగుళాలు. రెండడుగుల అద్దం తొట్టిలో 50 లీటర్ల నీళ్లు, పైన 9 వాట్ల ఎల్‌ఈడీ, పక్కనే పడమటి కిటికీ. నెలరోజులుగా తిండి తగ్గింది. డిప్ప అంచు నొక్కితే మెత్తగా తగులుతోంది. లైటు మార్చాలా?

రాతిమెట్టు: మార్చాలండీ. ఎల్‌ఈడీతో వెలుతురే తప్ప వేడీ రాదు, యూవీబీ (ఎండలో ఉండే ఒక రకం అతినీలలోహిత కిరణాలు) రాదు. యూవీబీ లేకపోతే ఒంట్లో విటమిన్ డి3 తయారవదు, తిన్న కాల్షియం ఒంటబట్టదు. డిప్ప మెత్తబడేది అందుకే. కిటికీ అద్దం యూవీబీని ఆపేస్తుంది, కాబట్టి ఆ ఎండకు నీళ్లు కాగడమే మిగులుతుంది.

వేడికి 50 వాట్ల హాలోజెన్ స్పాట్ పెట్టండి. హోల్డరు పింగాణీదే కావాలి, ప్లాస్టిక్‌ది కరుగుతుంది. ఎండ కాచుకునే రాయి మీద థర్మామీటరు పెట్టి 32 డిగ్రీలు చూపేదాకా బల్బును పైకీ కిందికీ జరపండి. పక్కనే 5.0 అని రాసి ఉండే యూవీబీ ట్యూబు, రాయికి 10-12 అంగుళాల ఎత్తులో. రెండూ ఒకే రాయి మీద పడాలి, మధ్యలో అద్దం మూత ఉండకూడదు. రోజుకు 12 గంటలు, టైమరుతో. ట్యూబు వెలుగుతున్నా యూవీబీ తగ్గిపోతుంది కాబట్టి ఏడాదికోసారి మార్చాలి. నోట్లు తనిఖీ చేసే నీలం దీపం దీనికి పనికిరాదు. క్రిములను చంపే యూవీసీ దీపమైతే కళ్లే పోతాయి.

నీళ్లతొట్టి: చలికాలం హీటరు మర్చిపోకండి. డిసెంబరు, జనవరి రాత్రుళ్లు మన దగ్గర నీళ్లు బాగా చల్లబడతాయి, తిండి తగ్గడానికి అదీ కారణం కావచ్చు. 50 లీటర్లకు థర్మోస్టాట్ ఉన్న 100 వాట్లది చాలు, 26 దగ్గర పెట్టండి. గాజు హీటరైతే ప్లాస్టిక్ గార్డు తొడగాల్సిందే, తాబేలు గుద్ది పగలగొడుతుంది. నీళ్లు మార్చేముందు ప్లగ్గు తీసి పావుగంట ఆగండి. వేడి మీదున్న గొట్టం నీళ్ల బయటికొస్తే పగులుతుంది. వైరు ప్లగ్గుకన్నా కిందికి వేలాడి పైకెక్కాలి, లేదంటే నీటిచుక్క నేరుగా సాకెట్లోకి జారుతుంది.

అమీర్‌పేట_అద్దిల్లు: ట్యూబు వచ్చేలోగా బాల్కనీలో ఎండకు పెట్టొచ్చా?

రాతిమెట్టు: అద్దం తొట్టితో మాత్రం వద్దు, నిమిషాల్లో ఉడికిపోతుంది. వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బు, సగానికి నీడ, పైన కాకులు రాకుండా వల. ఇరవై నిమిషాలు, మీరు పక్కనే ఉండి. చలికాలం తొమ్మిదిన్నరకి, ఏప్రిల్, మేలో ఎనిమిదికే. మరీ పొద్దున్నే వచ్చే లేత ఎండలో యూవీబీ దాదాపు ఉండదు. తిండితో పాటు కాల్షియం కోసం సముద్రపు నురుగు (కటిల్‌బోన్) ముక్క నీళ్లలో వేయండి. డిప్ప ఇప్పటికే మెత్తబడింది కాబట్టి లైటు కోసం ఆగకుండా ఈ వారమే తాబేళ్లను చూసే వెట్‌కి చూపించండి. ఒక పక్కకు ఒరిగి ఈదినా, ముక్కులోంచి బుడగలొచ్చినా ఆ రోజే వెళ్లాలి.