కొత్త హైస్కూల్లో తొమ్మిదికి తెలుగు పెట్టాలా వద్దా? ముందు పిల్లలు చేరాలా, ముందు సబ్జెక్ట్ రావాలా?

వంశధార బావు:
మాది ఒడిశాలో గజపతి జిల్లా, కాశీనగర్ దగ్గర ఊరు. ఎనిమిది వరకే ఉన్న మా బడిని హైస్కూల్ చేశారు, ఈ ఏడాది తొమ్మిది తెరుస్తారు, వచ్చే ఏడాది పది. ఇన్నాళ్ళూ ఎనిమిది అయిపోగానే మగపిల్లలు సగంమంది అవతల ఆంధ్రాలో కొత్తూరో పాతపట్నమో వెళ్ళిపోయేవారు, హాస్టల్ దొరికితే హాస్టల్, లేపోతే ఆటో. ఆడపిల్లల్లో చాలామంది అక్కడితో ఆగిపోయేవారు. అందుకని ఈ హైస్కూల్ అంటే ఊరంతటికీ ప్రాణం.

అయితే ఇంటింటికీ ఇచ్చిన అడ్మిషన్ ఫారం చూశాను. మొదటి భాష దగ్గర ఒడియా అని ముందే అచ్చేసేశారు, టిక్ పెట్టడానికి గడే లేదు. మూడో భాష దగ్గర సంస్కృతం, హిందీ, రెండే. తెలుగు సంగతేంటని అడిగితే, ముందు చేర్పించండి, ఎంతమంది అడుగుతున్నారో చూసి పైకి రాస్తాం అన్నారు. ఫారంలో లేని సబ్జెక్ట్‌ని ఎవరు అడుగుతారండీ? తెలుగు కావాలనుకున్న ఇల్లు ఫారం పక్కన పడేసి పిల్లాణ్ణి అవతలికి పంపేస్తుంది, ఆ పిల్లాడు వీళ్ళ లెక్కలోకే రాడు, అప్పుడు కాగితం మీద ‘డిమాండ్ లేదు’ అని పడుతుంది. పది పరీక్ష పెట్టే కటక్ బోర్డులో మొదటి భాషగా తెలుగు తీసుకోవచ్చు, ప్లస్ టూలో కూడా ఎంఐఎల్ (ఆధునిక భారతీయ భాష) కింద తెలుగు ఉంది. మనం కొత్తగా అడుగుతున్నది ఏమీ లేదు, ఉన్నదాన్ని ఫారంలో రాయమంటున్నాం అంతే. మీరేమంటారు?

లెక్కల ట్యూషన్:
బావు గారూ మీ బాధ అర్థమైంది గానీ నేను ఒప్పుకోను. కొత్త హైస్కూల్ అంటే మొదటి రెండేళ్ళు టీచర్లు పూర్తిగా రారు, నేను చూస్తున్నదే. పీసీఎం (ఫిజిక్స్, కెమిస్ట్రీ, లెక్కలు) టీచర్ రాకపోతే లెక్కలు, ఫిజిక్స్ ఎవరు చెప్తారు? సీబీజెడ్ (కెమిస్ట్రీ, బోటనీ, జువాలజీ) టీచర్ రాకపోతే బయాలజీ సంస్కృతం పంతులు గారు చెప్పాల్సొస్తుంది. నా దగ్గరకొచ్చే పిల్లలు తొమ్మిదిలోకి వచ్చాక కూడా భిన్నాలు కూడలేకపోతున్నారు. ఊరి బలం అంతా ఒక్క డిమాండ్ మీద పెట్టాలి, ముందు లెక్కలు సైన్స్ టీచర్లు, ఒక ల్యాబ్ గది. తెలుగు తర్వాత.

పాతపట్నం రోడ్డు:
నేను మావాణ్ణి ఎనిమిది అవగానే అవతల చేర్పించేశాను, కారణం చెప్తాను వినండి. తెలుగు మీద ప్రేమ ఒక్కటే కాదు. ఆంధ్రాలో ఇంజనీరింగ్ సీట్లలో 85 శాతం లోకల్‌కే. లోకల్ అవ్వాలంటే ఇంటర్ పరీక్ష వరకూ వరసగా నాలుగేళ్ళు అక్కడ చదివుండాలి, అంటే తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్ళు. రాజ్యాంగం 371డి కింద 1974 నుంచీ ఉన్న రూలు ఇది. పది ఇక్కడ చదివి ఇంటర్‌కి వెళ్తే రెండేళ్ళే లెక్కకొస్తాయి, నాన్‌లోకల్ అయిపోతాడు. అందుకే మనవాళ్ళు సరిగ్గా తొమ్మిదికే పంపుతారు. మీరు ఫారంలో తెలుగు గడి పెట్టించినా నాలాంటి వాళ్ళు ఆగరు.

వంశధార బావు:
పాతపట్నం అన్నయ్యా, లోకల్ సంగతి నిజమే, కాదనను. కానీ దానికి రెండో వైపు కూడా చూడండి. ఒడిశాలో ప్రభుత్వ హైస్కూల్లో చదివిన పిల్లలకి మెడికల్, ఇంజనీరింగ్ కాలేజీల్లో 15 శాతం సీట్లు విడిగా పెట్టారు. అవతల పది రాసినవాడికి అది పోయినట్టే. ఇంజనీరింగ్‌కి వెళ్ళే పిల్లలు ఊరికి ఎంతమంది ఉంటారు, మిగతావాళ్ళ మాటేంటి?

లెక్కల మాస్టారూ, మీకు ఒక్క లెక్క చెప్తాను. మెట్రిక్ (పది పరీక్ష) 600 మార్కుల్లో మూడు భాషలకే 300. లెక్కలు 100, సైన్స్ 100, సోషల్ 100. భాషలు సగం పరీక్ష అయినప్పుడు అది ‘తర్వాత’ చూసుకునే విషయం ఎలా అవుతుంది?

ఇద్దరు పిల్లల తల్లి:
నేను ఎక్కువ చదువుకోలేదు, మా పాప ఎనిమిది అయింది కాబట్టి రాస్తున్నాను. మీరందరూ భాష, సీటు అంటున్నారు, నేను బడి చూడ్డానికి వెళ్తే తొమ్మిది కోసం ఇచ్చింది పాత వంటగది పక్క గది, కిటికీకి తలుపులు లేవు, బాత్రూం ఒకటే, దానికి లోపల గడియ లేదు. నీళ్ళు బోరింగ్ నుంచి బకెట్‌తో తెచ్చుకోవాలి. ఈ ఒక్కటీ సరిచేస్తే ఆడపిల్లలు చేరతారు. తొమ్మిదిలో సైకిల్ ఇస్తారని పాప ఎదురుచూస్తోంది, పక్క ఊరి పిల్లలు కూడా సైకిల్ మీద వస్తామంటున్నారు. తెలుగు ఉంటే మంచిదే. నేను కూర్చోబెట్టి చదివించగలిగేది ఆ ఒక్క సబ్జెక్టే కదా.

లెక్కల ట్యూషన్:
అమ్మా మీరన్న గడియ విషయం అన్నిటికంటే ముందు రాయాలి. అది తప్ప మిగతా నా మాట మారదు. బావు గారు అసలు కష్టమైన ప్రశ్న దాటేశారు. మన పిల్లలు ఒకటి నుంచి ఎనిమిది దాకా ఒడియా మీడియం. తెలుగు ధారాళంగా మాట్లాడతారు, రాయమంటే ‘క’ కి గుణింతం రాదు. బస్సు బోర్డు కూడబలుక్కుని చదువుతారు. అలాంటి పిల్లాడు తొమ్మిదిలో తెలుగు మొదటి భాష తీసుకుని రెండేళ్ళలో ఛందస్సు, వ్యాకరణం, వ్యాసం రాసి 100కి ఎంత తెచ్చుకుంటాడు? ఒడియాలో 70 వచ్చే పిల్లాణ్ణి తెలుగులో 35కి దింపడం వాడికి మేలా? రాష్ట్రం మొత్తానికి హైస్కూల్ పోస్టులు వేసినప్పుడు తెలుగుకి వచ్చేవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. టీచర్ రాకుండా సబ్జెక్ట్ వస్తే ఇంకా ప్రమాదం.

కొండ మీద ఊరు:
నేను సవర ఇంట్లో పుట్టినవాణ్ణి, మా ఊరు నుంచి కూడా పిల్లలు ఈ బడికే రావాలి. మాకు ఒడియా, తెలుగు రెండూ బయట నేర్చుకున్నవే. పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి గారు సవర నేర్చుకుని, మా భాషలో పుస్తకాలు రాసి బడి పెట్టారు, ఆయన్ని తెలుగువాళ్ళు మావాడంటారు, మేమూ మావాడే అంటాం. చిన్న తరగతుల్లో సవరలో చెప్పే పద్ధతి ఒడిశాలో వచ్చింది, దానివల్ల పిల్లలు బడి మానడం తగ్గింది మా ఊళ్ళో. పెద్ద తరగతికి వచ్చేసరికి అది ఆగిపోతుంది. మీరు పైకి రాసే కాగితంలో తెలుగు ఒక్కటే రాస్తే మేం సంతకం పెట్టం. ఇంట్లో ఏం మాట్లాడతారు అని ఒక గడి పెట్టమనండి, తెలుగు, సవర, ఒడియా అన్నీ రాసుకునేలా, అప్పుడు పెడతాం. ఇంకోటి, వర్షాకాలంలో గెడ్డ (వాగు) పొంగితే మా పిల్లలు నాల్రోజులు రాలేరు. హాస్టల్ లేకుండా హైస్కూల్ మాకు పేరుకే.

సిరొంచ తమ్ముడు:
మహారాష్ట్ర గడ్చిరోలి నుంచి రాస్తున్నా. ఇక్కడ కూడా ఇంట్లో తెలుగు, బళ్ళో మరాఠీ. 2020 చట్టంతో మరాఠీ అన్ని స్కూళ్ళలో తప్పనిసరి అయింది, అది ఒప్పుకున్నాం, అందరం మరాఠీ బాగానే రాస్తాం. గోదావరి మీద వంతెన అయ్యాక కాళేశ్వరం వైపు పోవుడు సులువైంది. మా దగ్గర చూసింది ఒక్కటే చెప్త, పదకొండో తరగతిలో సైన్స్ లేదని ఒకసారి పేరు పడ్డాక, తర్వాత సైన్స్ వచ్చినా పిల్లలు రాలే. మొదటి ఏడాది ఏం పెడతారో అదే పేరు నిలబడతది. ఆ బావు గారు తొందరపడడం సరైనదే.

బరంపురం హాస్టల్:
ప్లస్ టూ చదువుతున్నాను, ఒడియా మీడియంలోనే వచ్చాను. ఉద్యోగాల భయం ఉన్నవాళ్ళకి ఒక మాట. ఒడిశా ఉద్యోగాల నోటిఫికేషన్లలో ఎక్కువగా అడిగేది కనీసం ఏడో తరగతి స్థాయిలో ఒడియా పాస్. మనవాళ్ళు ఎనిమిది వరకు ఒడియా చదివేశారు కాబట్టి తొమ్మిదిలో తెలుగు తీసుకుంటే ఆ అర్హత ఎక్కడికీ పోదు. మాస్టారు చెప్పిన మార్కుల సమస్య మాత్రం నిజం. నేనైతే అప్పుడు తెలుగు ఉన్నా తీసుకునేవాణ్ణి కాదు, ఎందుకంటే రాయడం రాదు. ఆరు నుంచే వారానికి రెండు మూడు పీరియడ్లు ఉండుంటే తీసుకునేవాణ్ణి.

వంశధార బావు:
బరంపురం తమ్ముడు చెప్పింది నా మనసుకి పట్టింది. మాస్టారూ మీ ప్రశ్న దాటేయలేదు, దానికి జవాబు ఇదే. రాయడం వచ్చిన పిల్లలకి తొమ్మిదిలో మొదటి భాషగా తెలుగు తీసుకునే హక్కు ఉండాలి, రానివాళ్ళని ఎవరూ బలవంతపెట్టక్కర్లేదు, ఒడియాలోనే రాసుకుంటారు. ఆ బడిలోనే కింద ఆరు, ఏడు, ఎనిమిది ఉన్నాయి కాబట్టి ఒక్క తెలుగు టీచర్ వస్తే కింద పిల్లలకి అక్షరాలు, పైన పిల్లలకి పాఠం. మూడేళ్ళు పోయాక తొమ్మిదికి వచ్చేవాళ్ళు గుణింతం దగ్గర ఆగరు. ఐదుగురే తీసుకుంటే ఐదుగురే, కానీ ఆ గడి ఫారంలో ఉండాలి. పోస్ట్ వచ్చేదాకా ఊళ్ళో డిగ్రీ తెలుగు చదివినవాళ్ళు ఉన్నారు, స్కూల్ కమిటీ తరఫున గెస్ట్‌గా పెట్టుకుందాం అంటున్నాను.

కొండ ఊరి తమ్ముడూ, ఇంటి భాష గడి తప్పకుండా రాస్తాం, నీ మాటల్లోనే రాస్తాం. హాస్టల్ కూడా.

పాతపట్నం రోడ్డు:
మావాడు అవతలే ఉంటాడు, అది మారదు. చిన్నది ఇప్పుడు ఏడో తరగతి. టీచర్ నిజంగా వస్తే దాన్ని ఇక్కడే ఉంచుతాను. కాగితం మీద నా సంతకం వేసుకోండి.

లెక్కల ట్యూషన్:
లెక్కలు, సైన్స్ పోస్టులు మొదటి లైన్‌లో ఉంటేనే నాది. తెలుగు గెస్ట్ టీచర్‌కి ఇచ్చే డబ్బు ల్యాబ్ డబ్బులోంచి తియ్యకూడదు, అది కూడా రాయండి.

ఇద్దరు పిల్లల తల్లి:
కమిటీ మీటింగ్ ఆదివారం పెడితే కూలికెళ్ళే వాళ్ళం అందరం వస్తాం. కాగితం ఒడియాలో ఒకటి, తెలుగులో ఒకటి రాయండి, చదివి వినిపించి సంతకాలు తీసుకోండి. బాత్రూం గడియ మర్చిపోవద్దు.