అప్రూవల్ డేటా చూసి ఆడియన్స్ మార్చుకుంటున్న వైజాగ్ అఫిలియేట్లు ఎవరైనా ఉన్నారా?

గాజువాక_క్లిక్స్
నమస్తే అండీ అందరికీ. నేను అఫిలియేట్‌ని, అంటే వేరే కంపెనీల సరుకుకి యాడ్స్ నడిపి కమిషన్ తీసుకునేవాణ్ణి. క్రెడిట్ కార్డు ఆఫర్లు ఫేస్‌బుక్, ఇన్‌స్టాలో నడుపుతున్నాను. యాడ్ నొక్కితే తెరుచుకునే ల్యాండింగ్ పేజీ నాదే, తెలుగులోనే ఉంటుంది. లీడ్లకి, అంటే ఫారం నింపేవాళ్లకి, కరువు లేదు. కానీ నెట్‌వర్కు (బ్యాంకుకీ మనకీ మధ్య ఉండే కంపెనీ) డబ్బులిచ్చేది కార్డు అప్రూవ్ అయ్యాకే, అక్కడికొచ్చేసరికి చాలావరకు రాలిపోతున్నాయి. యాడ్స్ మేనేజర్‌లో పచ్చగా కనిపించే యాడ్ సెట్‌కి నెట్‌వర్కు షీట్‌లో పైసా ఉండటం లేదు. మూడు సంగతులు చెప్పండి. లుక్‌అలైక్‌కి (మనమిచ్చిన లిస్టులాంటి కొత్తవాళ్లని ఫేస్‌బుక్ వెతికే పద్ధతి) ఫారం నింపినవాళ్ల లిస్టు ఇవ్వాలా, అప్రూవ్ అయిన కొద్దిమందిదా? ఒక వయసునో ఊరినో తీసేయాలంటే ఎన్ని క్లిక్కులు చూడాలి? ఐఫోన్ వాళ్లని విడిగా పెట్టాలా?

అనకాపల్లి_బెల్లం
ముందు ఊరి సంగతి చూసుకో తమ్ముడూ. నేను వైజాగ్‌ని ఎప్పుడో ఎక్స్‌క్లూడ్ కొట్టేశాను. క్లిక్కులు లెక్కపెట్టే ట్రాకర్‌లో సిటీ వారీగా సార్ట్ చేస్తే అప్రూవ్ అయినవన్నీ హైదరాబాదే. ఇక్కడ డబ్బులు తగలేసే బదులు అక్కడే పెట్టు.

కంచరపాలెం_కోడర్
అన్నా, ఆ సిటీ కాలమ్ నమ్మి వైజాగ్ తీసేశారా? ట్రాకర్‌కి తెలిసేది ఐపీ అడ్రస్ ఒక్కటే. మొబైల్ డేటా మీద ఉన్నవాడి ఐపీ అతనెక్కడున్నాడో చెప్పదు, టెలికాం కంపెనీ గేట్‌వే (ఆ డేటా ఇంటర్నెట్‌లోకి వెళ్లే చోటు) ఎక్కడుందో చెబుతుంది. రాష్ట్రం 2014లో విడిపోయింది గానీ టెలికాం సర్కిల్ విడిపోలేదు, ఆంధ్రా తెలంగాణ ఇప్పటికీ ఒకే సర్కిల్. జగదాంబ దగ్గర వైఫై ఆపేసి, ఐపీ లొకేషన్ చూపించే సైట్ ఏదైనా తెరిచి చూడండి. నాకు హైదరాబాద్ అని వస్తుంది, ఒక్కోసారి చెన్నై అని కూడా. మీ హైదరాబాద్ అప్రూవల్స్‌లో మనవాళ్లు ఎంతమందో మీకెలా తెలుస్తుంది?

అనకాపల్లి_బెల్లం
మా ఇంట్లో ఫైబర్ మీద చూస్తే విశాఖపట్నం అని శుభ్రంగా వస్తోంది. థియరీలు వద్దు బాబూ, నా షీట్‌లో ఉన్నది చెప్పాను.

కంచరపాలెం_కోడర్
మీ ఇంట్లో ఫైబర్ ఉంటే మీ యాడ్ నొక్కినవాళ్లందరికీ ఉన్నట్టా? యాడ్ చూసేది బస్సులోనూ, డ్యూటీ బ్రేక్‌లోనూ. అంతా మొబైల్ డేటాయే.

ఎన్ఏడీ_నైట్‌షిఫ్ట్
నేను నెట్‌వర్కింగ్‌లోనే పనిచేస్తాను కాబట్టి చెబుతున్నా. అన్ని కంపెనీలూ, అన్ని వేళలా హైదరాబాద్ చూపించవు. కానీ కోడర్ చెప్పిన అసలు ముక్క నిజం. మొబైల్ నెట్‌లో ఒకే పబ్లిక్ ఐపీ వెనక బోలెడంత మంది ఉంటారు, అలాంటి ఐపీతో ఊరు తేల్చడం కుదరదు. రాష్ట్రం వరకూ కూడా నమ్మకం లేదు. ఫేస్‌బుక్ కంపెనీ మెటా సొంత రిపోర్టు వేరు, దాని దగ్గర ఫోన్ ఇచ్చే లొకేషన్ లాంటి ఇతర సిగ్నల్స్ ఉంటాయి. ట్రాకర్ సిటీనీ, మెటా సిటీనీ ఒకే కాలమ్ అనుకుని పోల్చకండి.

అనకాపల్లి_బెల్లం
సరే, ఐపీ అబద్ధం. మరి నిజం ఎక్కడ దొరుకుతుందో కూడా సెలవివ్వండి.

కంచరపాలెం_కోడర్
ఫారంలో వాళ్లు నింపిన పిన్‌కోడ్‌లో. చాలా కార్డుల ఆఫర్లకి బ్యాంకు పిన్‌కోడ్ లిస్టు ఇస్తుంది, అందులో లేకపోతే మనిషి ఎంత మంచివాడైనా రిజెక్టే. రిజెక్షన్ షీట్ అడిగి తీసుకుని, కారణం కాలమ్ పక్కన పిన్‌కోడ్ పెట్టి సార్ట్ చేశాను. ‘పిన్‌కోడ్ సర్వీస్ లేదు’ అన్న వరసలు దాదాపు అన్నీ 531తో మొదలయ్యేవే. 530026 గాజువాక, 530017 ఎంవీపీ కాలనీ, వీటిల్లో ఆ కారణం లేదు. బీచ్ రోడ్డు మీద పిన్ గుచ్చి 40 కిలోమీటర్ల సర్కిల్ గీస్తే ఒక పక్క బంగాళాఖాతం, రెండో పక్క సబ్బవరం, కొత్తవలస, అనకాపల్లి దాకా పోతుంది. సముద్రానికి డబ్బులు కట్‌ కావు, ఈ రెండో పక్కకే అవుతాయి. సర్కిల్ చిన్నది చేసి 531 మొత్తం వదిలేశాను, అప్రూవల్ శాతం లేచింది.

అనకాపల్లి_బెల్లం
అంటే ఏటి, అనకాపల్లి వాళ్లకి జీతాలు లేవా? జిల్లా 2022లో విడదీశారు కదాని మనుషుల్ని కూడా విడదీసేస్తారా? పరవాడ ఫార్మా సిటీ, అచ్యుతాపురం సెజ్, రెండూ 531 పిన్లే. నెల తిరిగేసరికి అకౌంట్‌లో జీతం పడేవాళ్లు ఎంతమంది ఉన్నారో తెలుసా అక్కడ? ఇందాక నాకు పాఠం చెప్పావు, నువ్వు చేసింది మాత్రం ఏటి? మొదటి మూడంకెలు చూసి జిల్లానే కొట్టేశావు.

రుషికొండ530045
బెల్లం గారి కోపం న్యాయమే. మూడంకెలు కాదు, ఆరంకెలూ చూడాలి. ఆ బ్యాంకు సర్వీస్ లిస్టులో పరవాడ ఉంటే దాన్ని ఎందుకు వదులుకోవడం? ఆ లిస్టుని ల్యాండింగ్ పేజీలోనే పెట్టండి. పిన్‌కోడ్ కొట్టగానే, సర్వీస్ ఉన్న కార్డు చూపించాలి. లేకపోతే సర్వీస్ ఉన్న వేరే బ్యాంకుది చూపించాలి. లీడ్ వృథా పోదు.

ఎంవీపీ_వంటిల్లు
మీరంతా రిజెక్షన్ షీట్లు, పిన్‌కోడ్‌లు అంటుంటే నాకు కడుపు మండుతోంది. మా అమెజాన్ అఫిలియేట్లకి కొన్నవాళ్లు ఎవరో చెప్పరు, వాళ్ల పేజీలో మన పిక్సెల్ (ఎవరేం చేశారో పట్టుకునే కోడ్) పెట్టనివ్వరు. క్లిక్ చేసిన 24 గంటల్లో బుట్టలో వేసుకుంటేనే మనకి లెక్క. మరి డేటా ఎక్కడిదంటారా, ట్రాకింగ్ ఐడీల నుంచే. నా వంటల పేజీలో ఒక్కో రకం చదువరులకి ఒక్కో ట్రాకింగ్ ఐడీ పెట్టాను. ఆవకాయ పోస్టు నుంచి వచ్చేవాళ్లది ఒకటి, టిఫిన్ల పోస్టులది ఒకటి, పండగ పిండివంటలది ఇంకొకటి. తేడా కళ్లకి కట్టినట్టు కనిపించింది. టిఫిన్ల వాళ్లు గ్రైండర్ లింకు నొక్కి, కొన్నది మాత్రం ఇడ్లీ పాత్ర, గాజు సీసాలు. ఆవకాయ వాళ్లు వేసవి దాటితే ఏమీ కొనరు, పండగ వాళ్లు సంక్రాంతి ముందు పెద్ద వస్తువులే కొంటారు. అందుకే యాడ్ డబ్బులు గ్రైండర్ అనే ఆసక్తి మీద పెట్టడం మానేసి, పిండివంటల వీడియో సగానికి పైగా చూసినవాళ్లని ఆడియన్స్‌గా చేసుకున్నాను. యాడ్ నుంచి నేరుగా అమెజాన్‌కి కాదు, నా పేజీకే పంపుతాను. ఈ పద్ధతి ఎవరో చెబితే నేర్చుకున్నది కాదు, నా లెక్కల పుస్తకంలోంచి వచ్చింది.

పాతకాపు_మీడియా
ఈ థ్రెడ్ చూస్తే జాలేస్తోంది. క్లిక్ తర్వాత 28 రోజుల అట్రిబ్యూషన్ (ఫలితాన్ని ఆ యాడ్ ఖాతాలో వేసే గడువు) ఉన్న కాలం నుంచి ఈ వ్యాపారంలో ఉన్నాను. 2021 ఏప్రిల్‌లో ఐఓఎస్ 14.5 వచ్చి ట్రాకింగ్‌కి అనుమతి అడగడం మొదలైనప్పుడు ఎంతమంది దుకాణం కట్టేశారో కళ్లారా చూశాను. గూగుల్ కూడా లుక్‌అలైక్ లాంటి తన సిమిలర్ ఆడియన్సెస్‌ని 2023లో ఎత్తేసింది. మాన్యువల్ టార్గెటింగ్ అయిపోయింది బాబులూ. దేశం మొత్తం ఓపెన్ పెట్టండి, మంచి వీడియో చేయండి, మనిషిని మెషినే వెతుక్కుంటుంది. లుక్‌అలైక్, వయసు, ఊరు, ఇవన్నీ పాత చింతకాయ పచ్చడి.

రుషికొండ530045
పాతకాపు గారూ, అనుభవానికి గౌరవం ఉంది, కానీ ఈ సలహా కొత్తవాళ్ల జేబు ఖాళీ చేస్తుంది. మెషిన్ వెతుకుతుంది, నిజమే. దేన్ని వెతకమని చెప్పారన్నదే అసలు ప్రశ్న. ఫారం నింపడమే కన్వర్షన్ (మనకి కావాల్సిన ఫలితం) అని చెబితే ఫారాలు ఊరికే నింపేవాళ్లనే మూటగట్టి తెస్తుంది. గాజువాక తమ్ముడికి జరుగుతున్నది అదే కదా. ఆడియన్స్ ఓపెన్ పెట్టినకొద్దీ వెనక్కి పంపే డేటా మరింత శుభ్రంగా ఉండాలి.

పాతకాపు_మీడియా
నాకు ఆప్టిమైజేషన్ నేర్పొద్దు. నా స్పెండ్ నీ సంవత్సరం సంపాదన కంటే ఎక్కువ.

ఎంవీపీ_వంటిల్లు
మాట జాగ్రత్త అండీ. ఎవరెంత ఖర్చు పెడుతున్నారన్నది ఇక్కడ ఎవరూ అడగలేదు. ఎంత మిగిలిందో చెప్పగలిగితే చెప్పండి.

కంచరపాలెం_కోడర్
రుషికొండ అన్న మాటకి పని చేసే దారి రాస్తాను. యాడ్ నుంచి వచ్చినవాడి ఎఫ్‌బీక్లిడ్‌ని (లింకుకి ఫేస్‌బుక్ తగిలించే క్లిక్ ఐడీ) దాచుకుని, మీ క్లిక్ ఐడీని ఆఫర్ లింకులో సబ్‌ఐడీగా పంపండి. నెట్‌వర్కు సర్వర్ మనకి వెనక్కి పంపే కబురులో, అంటే పోస్ట్‌బ్యాక్‌లో, అదే ఐడీ, స్టేటస్ తిరిగొస్తాయి. దాన్ని కన్వర్షన్స్ ఏపీఐ (మన సర్వర్ నుంచి నేరుగా పంపే దారి) ద్వారా మెటాకి అందించాలి. సబ్‌ఐడీలో ఫోన్ నంబరు, ఈమెయిల్ పెట్టకండి, నెట్‌వర్కులు ఒప్పుకోవు, 2023 డేటా రక్షణ చట్టం కూడా ఉంది.

చిక్కు ఎక్కడంటే, వెబ్ ఈవెంట్ జరిగిన 7 రోజుల్లోపే మెటాకి చేరాలి. మామూలు అట్రిబ్యూషన్ కూడా క్లిక్ తర్వాత 7 రోజులే. కార్డు అప్రూవల్‌కి వారాలు పడుతుంది. గూగుల్‌లో అయితే దాని క్లిక్ ఐడీ జీక్లిడ్‌తో క్లిక్ నుంచి 90 రోజుల దాకా ఆఫ్‌లైన్ కన్వర్షన్ ఎక్కించొచ్చు. అందుకే మెటాలో అప్రూవల్ కోసం ఎదురుచూడను. అప్రూవ్ అయినవాళ్లు ఫారంలో ఏం నింపారో ముందు చూశాను: జీతం ఒక స్థాయి పైన, పిన్‌కోడ్ లిస్టులో ఉంది, చేతిలో ఇప్పటికే ఒక కార్డు ఉంది. ఈ మూడూ కుదిరిన లీడ్‌కి మాత్రమే ‘క్వాలిఫైడ్’ అని వేరే ఈవెంట్ కొడుతుంది నా పేజీ. అది అక్కడికక్కడే వెళ్తుంది. యాడ్ సెట్ లెర్నింగ్ (మెషిన్ నేర్చుకునే మొదటి దశ) దాటాలంటే వారానికి 50 దాకా కావాల్సిన ఈవెంట్లు కూడా నిండుతాయి. అప్రూవల్స్‌తో అయితే మన బడ్జెట్‌లో నిండవు.

గాజువాక_క్లిక్స్
ఇది చాలా ఉపయోగపడింది కోడర్ బ్రో. మరి లుక్‌అలైక్‌కి కూడా ఈ క్వాలిఫైడ్ లిస్టే ఇవ్వొచ్చా?

రుషికొండ530045
ఇవ్వు. ఒక దేశంలో కనీసం 100 మంది లేకపోతే తీసుకోదు, వెయ్యి దాటితే పనికొస్తుంది. అలాగే ఫారం నింపేసినవాళ్లని 180 రోజుల లిస్టుతో ఎక్స్‌క్లూడ్ చెయ్యి, లేకపోతే వాళ్లకే మళ్లీ డబ్బులు పెట్టి చూపిస్తావు.

క్లిక్కుల సంగతి ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి నేనే చెబుతా. నీ కన్వర్షన్ రేటు 2 శాతం అనుకో. ఒక వయసు గ్రూపుకి 50 క్లిక్కులు వచ్చి సున్నా కన్వర్షన్లు ఉంటే, ఆ గ్రూపు మంచిదే అయినా అలా జరిగే అవకాశం 36 శాతం. అంటే మూడింట ఒకసారి. దాన్ని చూసి తీసేస్తే మంచి గ్రూపుని చంపేసినట్టే. 150 క్లిక్కుల దాకా సున్నాయే ఉంటే ఆ అవకాశం 5 శాతానికి దిగుతుంది, అప్పుడు కత్తెర వెయ్యి. మూడుని నీ కన్వర్షన్ రేటుతో భాగించు, కనీసం అన్ని క్లిక్కులు చూడు. అప్రూవల్ రేటు ఇంకా తక్కువ కాబట్టి అప్రూవల్ చూసి తీసేయాలంటే ఇంకా చాలా ఓపిక కావాలి.

అనకాపల్లి_బెల్లం
ఈ లెక్క బాగుంది. ఇందాక వైజాగ్ ఎక్స్‌క్లూడ్ గురించి ఎవరేమన్నా అనుకోండి, ఫారంలో పిన్‌కోడ్ చూసే మళ్లీ మాట్లాడతాను. పరవాడ మాటకి మాత్రం కట్టుబడే ఉన్నాను.

బీచ్‌రోడ్_బుల్
కార్డుల జోలికెందుకు గురూ, రమ్మీ ఆఫర్లు వెయ్యండి, లీడ్‌కే పేఔట్ ఇస్తారు, ఈ గోలంతా ఉండదు.

ఎన్ఏడీ_నైట్‌షిఫ్ట్
ఇలాంటి సలహాలు ఇక్కడ ఇవ్వకండి. మన రాష్ట్రంలో 2020లోనే నిషేధించారు. 2025లో కేంద్రం చట్టం తెచ్చాక డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలకి ప్రకటన ఇవ్వడమే నేరం, జైలు శిక్ష ఉంది. ఇళ్లు గుల్లయిన కుటుంబాలు మా వీధిలోనే ఉన్నాయి.

గాజువాక_క్లిక్స్
అటువైపు చూడనన్నా. వేరే సందేహం, నెట్‌వర్కు పేమెంట్‌లో కొంత కోసి పంపింది, టీడీఎస్ అన్నారు. ఎంత ఉండాలి?

ఎంవీపీ_వంటిల్లు
కమిషన్ కింద కడితే 2024 అక్టోబర్ నుంచి 2 శాతం, అంతకుముందు 5 ఉండేది. పాన్ ఇవ్వకపోతే 20 కోస్తారు. ఇన్‌కమ్ ట్యాక్స్ సైట్‌లో కోతలు చూపించే 26ఏఎస్‌లో పడిందో లేదో చూసుకో బాబూ, పడకపోతే నెట్‌వర్కుకి మెయిల్ పెట్టు. ఇంకోటి, యాడ్స్ మీద కట్టే 18 శాతం జీఎస్టీని లాభం లెక్కలో కలపడం లేదనుకుంటా. నీకు జీఎస్టీ నంబరు లేకపోతే అది తిరిగి రాదు, ఖర్చులోనే వేసుకో. అది కలిపాక ఏ యాడ్ సెట్ నిలబడుతుందో మళ్లీ చూడు.

కంచరపాలెం_కోడర్
క్వాలిఫైడ్ ఈవెంట్ కోడ్ శుభ్రం చేసి రేపు సాయంత్రానికి ఇక్కడే పెడతాను. పిన్‌కోడ్ లిస్టు మాత్రం మీ మీ బ్యాంకు ఆఫర్ల ప్రకారం మీరే వేసుకోవాలి. బెల్లం అన్నా, పరవాడ, అచ్యుతాపురం అప్రూవల్స్ మీ షీట్‌లో ఉంటే నాకు పంపండి, నా ఫిల్టర్‌లో కలుపుతాను.