భ్రూణహత్య, గర్భస్రావం, గర్భవిచ్ఛిత్తి: ఏ మాట ఎక్కడ వాడాలి?

అబార్షన్‌ని తెలుగులో భ్రూణహత్య అంటే తప్పేమిటని ఒకరు అడిగారు. తప్పే అంటాను. ఒక స్త్రీ తన ఇష్టంతో, చట్టం ఒప్పుకున్న గడువులో, ఆసుపత్రిలో చేయించుకునేదాన్ని హత్య అని రాసే అధికారం విలేకరికి గానీ అనువాదకుడికి గానీ లేదు.

ముందు ఆ మాట పుట్టుక చూద్దాం. పాత ధర్మసూత్రాల్లో ‘భ్రూణహ’ (భ్రూణాన్ని చంపినవాడు) అన్నచోట ఉద్దేశించింది చాలాసార్లు పిండాన్ని కాదు, బ్రాహ్మణుణ్ణి చంపినవాణ్ణి. బౌధాయన గృహ్యసూత్రం వేదం చదివినవాళ్లలో అంతస్తులు చెబుతూ ఒక అంతస్తుకు భ్రూణుడు అనే పేరే పెట్టింది. ఇక వసిష్ఠ ధర్మసూత్రం ఇరవయ్యో అధ్యాయంలో ‘బ్రాహ్మణం హత్వా భ్రూణహా భవత్యవిజ్ఞాతం చ గర్భమ్’ అని ఉంది. బ్రాహ్మణుణ్ణి చంపినా, ఆడో మగో తెలియని గర్భాన్ని చంపినా భ్రూణహంతే అని అర్థం. రెండోది ఎందుకు పాపమో వెంటనే చెప్పారు: ‘అవిజ్ఞాతా హి గర్భాః పుమాంసో భవన్తి’. ఏదో తెలియని గర్భాన్ని మగదిగానే లెక్కించాలి, అందుకని. మనుస్మృతి పదకొండో అధ్యాయం కూడా తెలియని గర్భాన్ని చంపినవాడికి బ్రహ్మహత్యకు చెప్పిన ప్రాయశ్చిత్తమే చెప్పింది.

మహాభారతం ఆదిపర్వంలో అసలు గర్భమే లేనిచోట ఈ మాట వస్తుంది. తన అల్లుడు యయాతికి శర్మిష్ఠతో ఉన్న సంబంధం తెలిసి శుక్రాచార్యుడు నిలదీస్తే, ఋతుకాలంలో కోరి అడిగిన స్త్రీని కాదన్న మగవాణ్ణి భ్రూణహ అంటారు కదా అని యయాతి తన పనిని సమర్థించుకుంటాడు. వంశం నిలవడం మీద, అందులోనూ మగబిడ్డ మీద ఉన్న బెంగ ఈ మాటలో మొదటినుంచీ ఉంది. కడుపుతో ఉన్న మనిషి ఏమనుకుంటోందన్నది ఇందులో ఎక్కడా రాదు.

ఈ మాటనే, లింగనిర్ధారణను నిషేధిస్తూ 1994లో చట్టం వచ్చాక, ఆడపిల్లల్ని కాపాడే ప్రచారానికి తెచ్చుకున్నాం. ఆ ఉద్దేశం మంచిదే, ఆ చట్టం కావలసిందే. అయితే పోస్టర్ మీదికి వచ్చేసరికి ‘ఆడపిల్ల అని తెలిసి’ అన్న అసలు ముక్క జారిపోయింది. స్కానింగ్ సెంటర్‌లో ‘ఇక్కడ లింగనిర్ధారణ పరీక్షలు చేయబడవు’ అనే బోర్డు, దాని పక్కనే ‘భ్రూణహత్య మహాపాపం’ అని ఇంకో బోర్డు. కాపర్-టీ వేయించుకున్నా నెల తప్పిన ఇల్లాలు అక్కడి బల్ల మీద కూర్చుని ఆ రెండో బోర్డు చదువుతుంది. పిల్లలు పుట్టకుండా వాడిన సాధనం పనిచేయకపోతే గర్భం తీయించుకోవచ్చని అబార్షన్ చట్టంలో స్పష్టంగా ఉంది. ఆ సంగతి చెప్పే బోర్డు ఆ గోడ మీద ఉండదు.

‘మా మతంలో అది పాపమే, నేను ఆ మాటే వాడతాను’ అని ఒక పెద్దాయన రాశారు. అయ్యా, మీ నమ్మకం మీది, మీ ఇంట్లో, మీ ప్రార్థనా స్థలంలో మీరు చెప్పుకోండి. వార్తకీ, ప్రభుత్వ నోటీసుకీ, ఆసుపత్రి కాగితానికీ మాత్రం అది పనికిరాదు. పాపమన్న తీర్పు పేరులోనే ఉంటే ఇక చదివేవాళ్లు ఆలోచించడానికి మిగిలేదేముంది?

ఇక గర్భస్రావం అన్న మాట సంగతి. పత్రికలు దానంతట అదే పోయినదాన్నీ, తీయించుకున్నదాన్నీ రెంటినీ గర్భస్రావం అనే రాస్తున్నాయి. ఆయుర్వేదంలో నాలుగో నెల దాకా జారిపోతే స్రావం, అయిదూ ఆరు నెలల్లో అయితే పాతం. రెండూ దానంతట అది జరిగేవే. వైద్యుడి చేత చేయించుకునేదానికి గర్భవిచ్ఛిత్తి అన్న మాట ఇప్పటికే వాడుకలో ఉంది, కోర్టు వార్తల్లో తరచూ కనిపిస్తుంది. పలకడానికి బరువే, ఒప్పుకుంటాను, కానీ అర్థంలో గందరగోళం లేదు.

ఈ తేడా ఎంత ముఖ్యమో సవితా హలప్పనవర్ విషయంలో లోకమంతా చూసింది. బెళగావి అమ్మాయి, ఐర్లాండ్‌లో దంతవైద్యురాలు. 2012 అక్టోబర్‌లో పదిహేడో వారంలో గాల్వే ఆసుపత్రిలో చేరింది. గర్భస్రావం మొదలైపోయింది, బిడ్డ బతకదని డాక్టర్లే చెప్పారు. గర్భవిచ్ఛిత్తి చేయమని ఆమె అడిగితే, పిండం గుండె కొట్టుకుంటోంది కాబట్టి కుదరదన్నారు. ఇది క్యాథలిక్ దేశం అని ఆమెతో అన్నట్టు అక్కడి మిడ్‌వైఫ్ విచారణలో ఒప్పుకుంది. ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకి అక్టోబర్ 28న ఆమె చనిపోయింది, వయసు 31. గర్భస్రావం అప్పటికే జరుగుతోంది, గర్భవిచ్ఛిత్తి చేయనివ్వలేదు. ఈ కథను రెంటికీ గర్భస్రావమే అంటూ తెలుగులో రాసి చూడండి, ఆమె ఏం అడిగిందో, వాళ్లు ఏం కాదన్నారో అర్థమే కాదు. 2018 మేలో ఐర్లాండ్‌లో ఓటు వేసినవాళ్లలో 66.4 శాతం మంది అబార్షన్ మీద తమ రాజ్యాంగంలో ఉన్న నిషేధాన్ని తీసేయమన్నారు.

మన ఊళ్లలో ఆడవాళ్లకు ఈ చిక్కు ఎప్పుడూ లేదు. ‘కడుపు పోయింది’ అంటే ఒకటి, ‘కడుపు తీయించుకుంది’ అంటే ఇంకొకటి. తేడా అంతా క్రియలోనే ఉంది, పాపం ఊసు లేదు. కథల్లో, ఇంటర్వ్యూల్లో ఈ మాటలే రాయమంటాను. లేదంటే అబార్షన్ అనే రాయండి, అందరికీ తెలిసిన మాటే. ఆడపిల్ల అని తెలిసి తీయించడాన్ని రాయవలసి వస్తే ‘ఆడపిల్ల అని గర్భం తీయించడం’ అని పూర్తిగా రాయండి, నేరమేమిటో అందులోనే తెలుస్తుంది.

చివరగా, చట్టాన్ని తెలుగు చేసేవాళ్లకు ఒక మనవి. 1971 నాటి మన అబార్షన్ చట్టంలో గర్భనిరోధం విఫలమైన సందర్భానికి ‘వివాహిత స్త్రీ లేదా ఆమె భర్త’ అని ఉండేది. 2021 సవరణ దాన్ని ‘ఏ స్త్రీ అయినా లేదా ఆమె భాగస్వామి’ అని మార్చింది. పెళ్లి కాలేదన్న కారణంతో, 20 నుంచి 24 వారాల మధ్య గర్భం తీయించుకునే వెసులుబాటు కాదనకూడదని 2022 సెప్టెంబర్ 29న సుప్రీంకోర్టు చెప్పింది. పద్దెనిమిదేళ్లు నిండిన స్త్రీ విషయంలో ఆమె సమ్మతి ఒక్కటే చాలని చట్టం మొదటినుంచీ అంటోంది. అయినా తెలుగు కరపత్రాల్లో ఇంకా ‘దంపతుల అంగీకారంతో’ అని రాస్తున్నారు. ఆ ‘దంపతుల’ని కొట్టేసి ‘ఆమె’ అని రాయండి.