చెన్నై స్టెల్లా మారిస్‌లో బొమ్మల డిగ్రీ: చదివినవాళ్ళు చెప్పండి

కాళహస్తి అమ్మ:
మాది శ్రీకాళహస్తి. ఇంట్లో కలంకారీ పనే. పాప ఇంటర్ సెకండియర్. కరక్కాయ, పాలలో ముంచి ఆరబెట్టిన గుడ్డ మీద వెదురు కలంతో గీత లాగితే చెయ్యి ఇసుమంత కూడా వణకదు. బెల్లం, ఇనుప ముక్కలు నానబెట్టి నల్లరంగు కూడా తనే తీస్తుంది. డిగ్రీలో కూడా బొమ్మలే చదువుతానని పట్టుబట్టింది. స్టెల్లా మారిస్‌కు పంపమని వాళ్ళ మేడమ్ అంటున్నారు. అంత దూరమంటే నాకు టెన్షన్‌గా ఉంది. మేము హిందువులం, సిస్టర్ల కాలేజీలో సీటిస్తారా?

పుత్తూరు పిల్ల:
అక్కా, నేను అక్కడే హిస్టరీ చదివాను. క్యాథలిక్ మైనారిటీ కాలేజీయే గానీ అన్ని మతాల పిల్లలూ ఉంటారు. ఆ బెంగ వద్దు. జెమిని ఫ్లైఓవర్ దగ్గర, కెథీడ్రల్ రోడ్డులో ఉంటుంది.

రిటైర్డ్ లెక్చరర్, తిరుపతి:
అమ్మా, ఆ కాలేజీ పుట్టింది 1947 ఆగస్టు 15న, సరిగ్గా స్వాతంత్ర్యం వచ్చిన రోజున. మైలాపూర్‌లో చిన్న రెండంతస్తుల భవనం, 32 మంది విద్యార్థినులు. నడిపేది ఫ్రాన్సిస్కన్ మిషనరీస్ ఆఫ్ మేరీ సిస్టర్లు. ఆ సంస్థను స్థాపించిన మదర్ మేరీ ఆఫ్ ది ప్యాషన్ ఫ్రెంచావిడే, కానీ సంస్థ మొదలైంది మన దక్షిణాదిలోనే, 1877లో ఊటీలో. కాలేజీ 1960లో ఇప్పుడున్న చోటికి మారింది. 1987లో అటానమస్ అయింది, అంటే సిలబస్, పరీక్షలు వాళ్ళవే, డిగ్రీ మాత్రం మద్రాసు యూనివర్సిటీది. అదే సిస్టర్లు 1962లో విజయవాడలో మారిస్ స్టెల్లా పెట్టారు. పేర్లు తారుమారుగా ఉంటాయి, అప్లికేషన్ పెట్టేటప్పుడు చూసుకోండి.

చిత్తూరు నాన్న:
నా మాట వేరే. బీకామో, బీఎస్సీయో అయితే తిరుపతిలో పద్మావతి కాలేజీ చాలు, 1952 నుంచి ఎంతమంది ఆడపిల్లల్ని నిలబెట్టిందో! హాస్టల్ ఖర్చు మిగులుతుంది. బొమ్మలకైతే టీటీడీ శిల్ప కళాశాల ఉంది కదా, అక్కడ కలంకారీ కూడా నేర్పిస్తారు. ఇంటి పక్కనే పెట్టుకుని చెన్నై ఎందుకమ్మా?

పుత్తూరు పిల్ల:
అన్నా, శిల్ప కళాశాల మంచిదే, నాకూ గౌరవమే. అయితే చేతి పని ఆ పిల్లకు ఇంట్లోనే వచ్చేసింది. ఇప్పుడు కావలసింది కళల చరిత్ర, బొమ్మను చదివి దాని గురించి రాయగలగడం. స్టెల్లాలో ఫైన్ ఆర్ట్స్ విభాగానికి అందులోనే పేరు. మా ఫ్రెండ్ ఒకమ్మాయి అజంతా గోడల మీది ఒక్క చెయ్యి గురించి పేజీలు పేజీలు రాసేది. ఆ చదువు ఉంటే రేపు మ్యూజియంలోనో, కాలేజీలోనో ఉద్యోగానికి దారి ఉంటుంది. తన ఇంటి పని విలువ నలుగురికీ తనే చెప్పగలుగుతుంది.

తిరుపతి టు చెన్నై:
మా చెల్లెలి అడ్మిషన్ నేనే చూశాను. ఆంధ్రా ఇంటర్ కాబట్టి మద్రాసు యూనివర్సిటీ ఎలిజిబిలిటీ సర్టిఫికెట్ అడిగారు, మైగ్రేషన్ కూడా. రిజల్ట్స్ వచ్చాక పరుగెత్తకుండా ఇప్పుడే కనుక్కోండి. కోర్సు ఏ షిఫ్టులో ఉందో, ఎయిడెడా (ప్రభుత్వ సాయంతో నడిచేదా) కాదా అడగండి, ఫీజు దాన్నిబట్టే. పాప గీసినవి ఒక ఫైలుగా పెట్టుకోండి, గుడ్డ మీదవి ఫోటోలు తీయించండి.

కాళహస్తి అమ్మ:
అందరికీ చాలా థాంక్స్. వాళ్ళ నాన్నకు ఇదంతా చదివి వినిపించాను. ముందు ఒకసారి వెళ్ళి కాలేజీ, హాస్టల్ చూసొద్దామన్నారు. రేణిగుంటలో పొద్దున రైలు ఎక్కితే అదే రోజు తిరిగి రావచ్చా?

తిరుపతి టు చెన్నై:
వచ్చేయొచ్చు అక్కా. పొద్దున బయల్దేరండి, సెంట్రల్‌కు మూడు, మూడున్నర గంటలు పడుతుంది. పాపను కూడా తీసుకెళ్ళండి.