కరెంటు పోయి వచ్చాక సర్వీస్ దానంతటది మొదలవ్వట్లేదు, సాయం చేయగలరా?

నమస్కారమండీ. గాజువాకలో మా బావగారి మందుల షాపుకి బిల్లింగ్ సర్వర్ ఒక పాత డెస్క్‌టాప్ మీద నడుస్తోంది, ఉబుంటు 22.04 (లినక్స్). కౌంటర్ కంప్యూటర్లన్నీ దానికే కనెక్ట్ అవుతాయి. కరెంటు రాగానే మెషిన్ తనే ఆన్ అవుతుంది (బయోస్‌లో ఆ సెట్టింగ్ ఉంది), సర్వర్ ప్రోగ్రామ్ మాత్రం లేవదు. సాయంత్రం పూట పెద్దవాళ్లు చీటీలు పట్టుకుని నిలబడి ఉంటారు, చూడలేకపోతున్నాను.

సిస్టమ్‌డీ (లినక్స్‌లో సర్వీసులను నడిపేది) యూనిట్ ఫైల్ రాసి, బూట్ అవగానే ప్రోగ్రామ్ మొదలయ్యేలా ఎనేబుల్ చేశాను. బూట్ అయ్యాక స్టేటస్ 'ఫెయిల్డ్' అంటోంది. జర్నల్‌లో (సిస్టమ్‌డీ లాగ్) 192.168.1.10కి, అంటే సర్వర్ ఐపీ అడ్రస్‌కి, బైండ్ కాలేదని (ఆ అడ్రస్ మీద కనెక్షన్లు తీసుకోలేకపోయిందని) ఉంది. చేత్తో స్టార్ట్ చేస్తే వెంటనే నడుస్తుంది. రౌటర్ లేచి ఐపీ ఇచ్చేలోపే సర్వీస్ మొదలైపోతోందని నా అనుమానం.

ఫైల్‌లో ఇప్పుడు 'ఆఫ్టర్=నెట్‌వర్క్.టార్గెట్' ఉంది. అది ఐపీ వచ్చేదాకా ఆగదట. 'నెట్‌వర్క్-ఆన్‌లైన్.టార్గెట్'ని 'వాంట్స్', 'ఆఫ్టర్' రెండింట్లోనూ పెడితే సరిపోతుందా? రౌటర్ మరీ ఆలస్యమైతే ఆ ఎదురుచూపుకీ టైమ్ అవుట్ ఉంటుంది కదా. అందుకని 'రీస్టార్ట్=ఆన్-ఫెయిల్యూర్', 'రీస్టార్ట్‌సెక్=10' (ఫెయిల్ అయితే 10 సెకన్లకి మళ్లీ మొదలయ్యేలా) కూడా కలపాలా? లేక ప్రోగ్రామ్‌నే 0.0.0.0కి (మెషిన్‌కున్న అన్ని అడ్రస్‌లకీ) బైండ్ చేసి, బయటివాళ్లు రాకుండా ఫైర్‌వాల్ పెట్టడం మేలా? షాపుల్లో ఇలాంటివి నడిపిన అనుభవం ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి.