హారన్ కొట్టాలా, మోగించాలా, ఊదాలా?

గుణుపురం నుంచి వచ్చిన ప్రశ్న: మా తమ్ముడు కార్ల సామాన్ల దుకాణం పెడుతున్నాడు. కంపెనీ హారన్ తీసి గట్టివి బిగిస్తామని బోర్డు మీద ఒడియాలోనూ, తెలుగులోనూ రాయించాలి. "హారన్ కొట్టడం" మోటు మాట అనీ, "మోగించడం" అని రాస్తేనే మర్యాదగా ఉంటుందనీ మా పెద్దాయన ఒకరు అంటున్నారు. ఏది సరైనదో పెద్దలు చెప్పగలరు.

పర్లాకిమిడి నుంచి సమాధానం: అయ్యా, "మోగించడం"లో తప్పు లేదు కానీ, "కొట్టడం" మోటు మాట అంటే మాత్రం నేను ఒప్పుకోలేను. నా చిన్న కారుకు కంపెనీవారు ఒకే ఒక బిళ్ల హారన్ ఇచ్చారు. ఆర్. ఉదయగిరి వైపు ఘాట్ మలుపుల్లో ఎదురుగా వచ్చే లారీ డ్రైవరుకు ఆ పీలగొంతు వినబడేది కాదు. రెండుసార్లు ప్రాణం గొంతులోకి వచ్చిన తరువాత దానిని తీయించి, పాడైనా ఫరవాలేదనుకొని విప్పి చూశాను. లోపల ఒక తీగచుట్ట, దాని ముందు పలుచని ఉక్కు పొర, పొరకు అతికిన ఇనుప ముక్క ఉన్నాయి. కరెంటు పారగానే తీగచుట్ట అయస్కాంతమై ఇనుప ముక్కను లాగుతుంది. అది లోపలికి రాగానే కరెంటు దారి తెగిపోయి పొర వెనక్కి పోతుంది. దారి మళ్లీ కలుస్తుంది. సెకనుకు కొన్ని వందలసార్లు ఇలా జరుగుతుండగా, బిళ్ల హారన్‌లో ఆ ఇనుప ముక్క ప్రతిసారీ వెళ్లి నడిమి ఇనుప కడ్డీకి తగులుతుంది. అంటే అది అక్షరాలా కొట్టడమే. గంట కొట్టినట్టు, డప్పు కొట్టినట్టు హారన్ కొట్టామని మన జనం అనడంలో మోటుతనం ఏమీ లేదు.

ఒడియాలో గంటకైనా, శంఖానికైనా, హారన్‌కైనా "బజాయిబా" అనే ఒక్క క్రియతో పని జరిగిపోతుంది. తెలుగు అలా సరిపెట్టుకోదు. గంట కొడతాము, ఈల వేస్తాము, బూర ఊదుతాము, శంఖం పూరిస్తాము. రైలు అయితే కూత పెడుతుంది. శబ్దం ఎలా పుట్టిందో క్రియలోనే చెప్పే అలవాటు మన భాషకు ఉంది. వాడుక భాష కోసం జీవితమంతా వాదించిన గిడుగు రామమూర్తి పంతులు గారు బడిపంతులుగా పనిచేసిన ఊరు మాది. 1936లో ఈ ఊరు ఒడిశాలో కలిసినప్పుడు ఆయన ఇక్కడ ఉండలేక వెళ్లిపోయారు. ఆ ఊరివాడినై ఉండి, జనం నోట నిలిచిన మాటను బోర్డు మీద రాయడానికి సిగ్గుపడమని మీకు చెప్పలేను.

రాయగడ నుంచి ఒక సోదరి: అన్నయ్యా, మీ వాదన బిళ్ల హారన్‌కు కుదిరింది. మరి ఇప్పుడు అందరూ బిగించుకుంటున్న, చుట్టలు తిరిగి ఉండే హారన్‌ల సంగతి ఏమిటి? ఇంకొక మాట. హారన్‌కు "కొమ్ము" అనే అచ్చతెలుగు మాట ఉండగా దానిని ఎందుకు వాడకూడదు?

పర్లాకిమిడి నుంచి: చాలా మంచి ప్రశ్న, అమ్మా. నేను బిగించుకున్నవి అవే. మా అమ్మ వాటిని చూడగానే "శంఖంలా ఉన్నాయిరా" అన్నది. ఆమె మాట ఆకారానికే కాదు, పనికి కూడా సరిపోయింది. వీటిలో ఇనుప ముక్క దేనికీ తగలదు. పొర అదిరి, చుట్టలు తిరిగిన గొట్టంలోని గాలిని ఊపుతుంది, ఆ గాలే పలుకుతుంది. నియమంగా చూస్తే దీనిని "పూరించాలి". కానీ స్టీరింగు మీద అరచేత్తో కొట్టేవాడికి లోపల ఏముందో కనబడదు కదా; పాత క్రియే కొత్త వస్తువుకూ సాగింది, సాగనివ్వాలి. "కొమ్ము" విషయానికి వస్తే, జాతరలో ఊదే కొమ్ముబూర మనకు ఉన్న మాట నిజమే, అయితే "కారు కొమ్ము కొట్టాను" అంటే మన ఊళ్లో ఎద్దు గుర్తుకు వస్తుంది. ఫారం, ఫిలిం అనుకున్నట్టే నడుమ ఒక అచ్చు చేర్చి "హారన్" అని మన నోటికి తగ్గట్టు దిద్దుకున్నాము. అది ఇప్పుడు మన మాటే.

ఈ శంఖాలను జతగా అమ్ముతారు. ఒకటి సుమారు 400 హెర్ట్‌జ్, రెండవది సుమారు 500 హెర్ట్‌జ్ పలుకుతాయి. సంగీతం తెలిసినవారు ఈ నిష్పత్తిని చూసి షడ్జమం, అంతర గాంధారం అంటారు. రెండూ ఒకేసారి పలకడం వల్లనే ఆ నిండుదనం వస్తుంది. ఒకదాని వెంట ఒకటి స్వరాలు పలికే హారన్‌ను మాత్రం 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమాలలో 119వ నియమం నిషేధించింది. కాబట్టి "జంట స్వరం" వేరు, "వరుస స్వరాలు" వేరు. మీ తమ్ముడి బోర్డు మీద "మ్యూజికల్" అనే మాట రాకూడదు.

గుణుపురం నుంచి: "గట్టి హారన్లు" అంటే తొందరగా పాడుకాని హారన్లు అనుకుంటారేమో? "జోరు హారన్లు" అని రాయిస్తే?

పర్లాకిమిడి నుంచి: ఒడియావారు "జొర్‌రే" అంటే బిగ్గరగా అని కూడా అర్థం, మన జోరు వానకు, నడకకు చెందినది, శ్రీకాకుళం నుంచి వచ్చినవారు తికమకపడతారు. "బిగ్గర" నోటి మాటకు బాగుంటుంది, యంత్రానికి అతకదు. "గట్టిగా" అనే క్రియావిశేషణం పెడితే మీ అనుమానం తీరిపోతుంది. ఇంకొక సంగతి తమ్ముడికి చెప్పండి. రెండు హారన్లు లాగే కరెంటు పాత సన్నని వైరు, స్టీరింగు స్విచ్చు మోయలేవు. అందుకు రిలే, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చు, కావాలి; దాని కాళ్ల మీద అంకెలు ఉంటాయి. బ్యాటరీ నుంచి ఫ్యూజు మీదుగా రిలే 30వ కాలికి, 87 నుంచి హారన్లకు కొత్త వైరు వేయాలి. పాత హారన్ వైరు రిలేను పలకరించడానికి 86కు, ఎర్త్ 85కు పోవాలి. శంఖం నోరు కిందికి చూడకపోతే వానకాలంలో నీరు నిలిచి గొంతు బొంగురుపోతుంది. ఇవన్నీ చేస్తాడు గనుక బోర్డు మీద "అమర్చబడును" అనే యజమాని లేని వాక్యం వద్దు, "ఇక్కడ రిలే వైరింగుతో, గట్టిగా మోగే జంట హారన్లు బిగిస్తాము" అని రాయించండి. కింద చిన్న అక్షరాలతో "ఘాట్ మలుపులో హారన్ కొట్టండి, ఆసుపత్రి దగ్గర కొట్టకండి" అని చేర్చండి.